బ్రేకుల్లో వాటాలు: ముందు చక్రాలకెంత, వెనుక చక్రాలకెంత?

సైకిలు నేర్పేవాళ్లు మన ఊళ్లలో తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు!" ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని మోటారు కారు సంగతి చూస్తే ఇందుకు తలకిందులుగా కనిపిస్తుంది. కారును ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకులదే. వెనుక బ్రేకులు సాయం మాత్రమే చేస్తాయి. ఎందుకిలా? ముందు చక్రాలకు ఎంత వాటా ఇవ్వాలో, వెనుక చక్రాలకు ఎంత ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు? వాటాలు తప్పితే ఏమవుతుంది?

ఫ్యాక్టరీలో తయారైన కారు కొనుక్కున్నవారికి ఈ ప్రశ్నలతో పని లేదు. జవాబులన్నీ ఇంజనీర్లు ముందే లెక్కగట్టి పెట్టి ఉంటారు. కాని కారును సొంతంగా తయారు చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న కారును విడిభాగాలుగా అమ్మేవారు. కొన్నవారు ఇంటి దగ్గర తామే బిగించుకునేవారు. మన హైదరాబాదులో కె. సుధాకర్ గారు బూటు, బంతి, బ్యాటు వంటి రకరకాల ఆకారాల్లో నడిచే బండ్లను సొంతంగా తయారుచేసి, బహదూర్‌పురాలో మ్యూజియంగా ఏర్పాటు చేశారు. ఆయన 2005లో తయారుచేసిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. ప్రపంచంలోకెల్లా పెద్దదిగా అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇక ఇంజనీరింగ్ విద్యార్థులు తమ చేతులతో కట్టిన బండ్లకు మన దేశంలో బాహా, సుప్రా అనే పోటీలు జరుగుతున్నాయి. ఆ బండ్లలో పాత మారుతి 800 విడిభాగాలు తరచుగా కనిపిస్తాయి. ఈ పోటీల్లో ఒక గట్టి నిబంధన ఉంది. బ్రేకు పరీక్షలో నెగ్గని బండిని పందెంలోకి దింపనే దింపరు.

మన డెల్టాలో ఈ విషయానికి మరింత ప్రాముఖ్యం ఉంది. ధవళేశ్వరం నుంచి చీలిన కాలువల గట్ల మీదనే మన రోడ్లు చాలా దూరం సాగుతాయి. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు చేను. ఇలాంటి దారిలో బ్రేకు వేసినప్పుడు బండి ఆగితే సరిపోదు. తిన్నగా ఆగాలి.

బండిని ఆపేది ఏమిటి?

"బ్రేకు" అని వెంటనే జవాబు చెబుతారు. కొంచెం ఆలోచించండి. బ్రేకు చక్రం తిరగకుండా పట్టుకుంటుంది, అంతే. నున్నటి నాచు పట్టిన రేవు మెట్ల మీద చక్రం తిరగడం మానేసినా బండి జారిపోతూనే ఉంటుంది కదా! బండిని నిజంగా ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ బలం. బ్రేకు ఆ బలాన్ని రప్పించే సాధనం మాత్రమే.

ఘర్షణ బలానికి ఒక హద్దు ఉంది. టైరు రోడ్డును ఎంత బలంతో అదుముతుందో, దానిని ఘర్షణ గుణకంతో గుణిస్తే వచ్చేదే ఆ హద్దు. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.8 అనుకుందాం. అంటే ఒక చక్రం మీద 1000 న్యూటన్ల భారం ఉంటే, ఆ చక్రం బండిని 800 న్యూటన్ల బలంతో ఆపగలదు. అంతకు మించి బ్రేకు బిగిస్తే చక్రం బిగుసుకుపోయి, రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది.

దీనిని బట్టి సూత్రం తేలికగా దొరుకుతుంది. ఏ చక్రం మీద ఎంత భారం ఉంటే, దాని బ్రేకుకు అంత వాటా ఇవ్వాలి. అయితే బండి నిలబడి ఉన్నప్పటి భారం వేరు, బ్రేకు వేసినప్పటి భారం వేరు. చిక్కంతా ఇక్కడే ఉంది.

భారం ముందుకు ఎలా పోతుంది?

బస్సులో నిలబడినప్పుడు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. పాదాలు బస్సుతో పాటు ఆగుతాయి గాని, పైశరీరం జడత్వం వల్ల ముందుకే పోబోతుంది. కారుకు కూడా ఇదే జరుగుతుంది. ఆపే బలం కింద, నేల మట్టాన పనిచేస్తుంది. కారు గరిమనాభి నేలకు కొంత ఎత్తున ఉంటుంది. అందువల్ల కారు ముందుకు తిరగబడేలా ఒక భ్రామకం ఏర్పడుతుంది. దీనిని తట్టుకోవడానికి ముందు చక్రాల మీద భారం పెరిగి, వెనుక చక్రాల మీద అంతే భారం తగ్గుతుంది. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు కిందికి వంగడం మీరు చూసే ఉంటారు.

ఎంత భారం మారుతుంది? భ్రామకాల సూత్రంతో ఇలా వస్తుంది:

ముందుకు మారే భారం = (ద్రవ్యరాశి × ఋణత్వరణం × గరిమనాభి ఎత్తు) ÷ ముందు, వెనుక చక్రాల మధ్య దూరం.

ఒక లెక్క చేద్దాం. డ్రైవరుతో కలిపి 600 కిలోల సొంత తయారీ కారు ఉందనుకోండి. చక్రాల మధ్య దూరం 2 మీటర్లు. గరిమనాభి ఎత్తు అర మీటరు. లెక్క తేలికగా ఉండడానికి గురుత్వ త్వరణం 10 అనుకుంటే మొత్తం భారం 6000 న్యూటన్లు. నిలబడి ఉన్నప్పుడు ముందు 3000, వెనుక 3000 న్యూటన్లు సమంగా ఉన్నాయి.

పొడి రోడ్డు మీద ఈ కారుకు సాధ్యమయ్యే గరిష్ఠ ఋణత్వరణం 0.8 × 10, అంటే సెకను సెకనుకు 8 మీటర్లు. అప్పుడు మారే భారం 600 × 8 × 0.5 ÷ 2 = 1200 న్యూటన్లు. కాబట్టి ముందు చక్రాల మీద 4200, వెనుక చక్రాల మీద 1800 న్యూటన్లు ఉంటాయి. నిలబడినప్పుడు సగం సగం ఉన్న భారం, గట్టిగా బ్రేకు వేసేసరికి 70:30 అయింది! బ్రేకుల వాటాలు కూడా 70:30గా ఉంటేనే నాలుగు చక్రాలూ తమ పూర్తి శక్తిని వినియోగిస్తాయి.

ఇది తెలియని ఒకరు నాలుగు చక్రాలకూ ఒకే రకం బ్రేకులు బిగించి, 50:50 వాటా ఇచ్చారనుకుందాం. ఋణత్వరణం 5.7కు చేరేసరికి వెనుక చక్రాల మీద భారం సుమారు 2140 న్యూటన్లకు తగ్గుతుంది. వాటి హద్దు అందులో 0.8 వంతు, అంటే సుమారు 1710 న్యూటన్లు. వెనుక బ్రేకులు పెట్టే బలం కూడా సరిగ్గా అంతకే చేరుతుంది. ఇంకొంచెం నొక్కితే వెనుక చక్రాలు బిగుసుకుపోతాయి. చక్రాలు జారకుండా ఆపాలంటే 5.7 దగ్గరే ఆగిపోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు 70:30 కారు సుమారు 17.4 మీటర్లలో ఆగితే, 50:50 కారుకు 24 మీటర్లకు పైగా కావాలి. ఆ తేడా, ఏడు మీటర్లు, రోడ్డు దాటుతున్న మనిషికి ప్రాణంతో సమానం.

ఏ చక్రాలు ముందు జారితే ముప్పు?

దూరం పెరగడం ఒక నష్టమే. దానికంటె పెద్ద ముప్పు మరొకటి ఉంది. దానిని మీరే ప్రయోగం చేసి చూడవచ్చు.

కావలసినవి: చక్రాలు తేలికగా తిరిగే బొమ్మ కారు, నున్నటి వెడల్పాటి చెక్క పలక, అతుక్కునే టేపు.

పలక ఒక చివరను ఇటుకల మీద ఎత్తి పెట్టండి. ముందుగా కారు ముందు చక్రాలు రెండూ తిరగకుండా టేపు అంటించండి. కారు ముక్కు కిందికి ఉండేలా పలక పైభాగాన పెట్టి వదలండి. కదలకపోతే పలకను ఇంకా ఎత్తండి. కారు తిన్నగా కిందికి జారుతుంది. ఇప్పుడు ఆ టేపు తీసి, వెనుక చక్రాలకు అంటించి మళ్లీ వదలండి. కారు కొంత దూరం పోయేసరికి తోక పక్కకు తిరిగి, గిరుక్కున వెనక్కు తిరిగిపోతుంది!

కారణమేమిటి? దొర్లే చక్రం ముందుకు సులువుగా పోతుంది గాని పక్కకు జరగదు. పక్కవైపు దానికి పట్టు ఉంటుంది. బిగుసుకుపోయిన చక్రానికి ఆ పట్టు ఉండదు. దాని ఘర్షణంతా జారే దిశకు ఎదురుగా పనిచేయడంలోనే ఖర్చయిపోతుంది. ఇక అది ముందుకెంత తేలికగా జారుతుందో పక్కకూ అంతే తేలికగా జారుతుంది.

ముందు చక్రాలు బిగుసుకుంటే, పట్టు ఉన్న వెనుక చక్రాలు గాలిపటానికి తోక చేసే పని చేస్తాయి. కారు ఏమాత్రం వంకరపోయినా తిన్నగా సర్దుతాయి. స్టీరింగు తిప్పినా కారు తిరగదు, నిజమే. కాని బ్రేకు మీద కాలు కొంచెం సడలిస్తే చక్రాలు దొర్లడం మొదలై, స్టీరింగు మళ్లీ పనిచేస్తుంది. వెనుక చక్రాలు బిగుసుకుంటే కథ మారిపోతుంది. పట్టు ముందువైపు మాత్రమే ఉంటుంది. తోక తెగిన గాలిపటంలా కారు తిరిగిపోతుంది. ఇది ఎంత త్వరగా జరుగుతుందంటే, సామాన్యుడైన డ్రైవరు సర్దుకునే లోపల బండి కాలువ గట్టు దాటిపోవచ్చు.

అందుకే బండ్లు తయారుచేసేవారు ఒక నియమం పెట్టుకున్నారు: బ్రేకు మరీ గట్టిగా పడి చక్రాలు బిగుసుకోక తప్పకపోతే, ముందు చక్రాలే ముందు బిగుసుకోవాలి.

పాస్కల్ సూత్రం, మన కావడి

వాటాలు లెక్కగట్టాం. బండిలో వాటిని అమర్చేదెలా?

కార్లలో బ్రేకులు ద్రవం సాయంతో పనిచేస్తాయి. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. ఈ సూత్రంతో నాలుగు చక్రాలకూ బ్రేకులు అమర్చిన కారును అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కంపెనీ 1921లో అమ్మకానికి తెచ్చింది.

డ్రైవరు కాలితో 300 న్యూటన్ల బలం పెట్టాడనుకుందాం. పెడలు ఒక మీట. అది బలాన్ని ఐదు రెట్లు చేస్తే 1500 న్యూటన్లవుతుంది. పోటీల కోసం సొంతంగా కట్టుకునే చాలా బండ్లలో ఈ బలాన్ని రెండు మాస్టర్ సిలిండర్లకు పంచుతారు. ఒకటి ముందు బ్రేకులకు, ఒకటి వెనుక బ్రేకులకు. ఒకదానిలో ద్రవం కారిపోయినా రెండోది బండిని ఆపుతుంది. ఇది చిన్న లాభం కాదు.

మొదట ముతక సర్దుబాటు. చక్రం దగ్గర ద్రవం నెట్టే పిస్టను వైశాల్యం ఎంత ఎక్కువైతే బ్రేకు బలం అంత ఎక్కువ. ముందు పిస్టన్ల వైశాల్యం వెనుక వాటికి రెట్టింపు ఉందనుకుందాం. మిగిలిన కొలతలన్నీ సమానంగా ఉంటే వాటాలు 2:1, అంటే సుమారు 67:33 అవుతాయి. మనకు కావలసిన 70:30కి ఇంకా కొంచెం దూరంలో ఉన్నాం.

ఇక్కడ మన కావడి పనికొస్తుంది. కావడి బద్దను సరిగ్గా మధ్యలో భుజాన పెట్టుకుంటే రెండు కుండలూ సమంగా తూగుతాయి. ఒక కుండలో నీళ్లు ఎక్కువైతే మోసేవాడు భుజాన్ని ఆ కుండ వైపు జరుపుకుంటాడు. భుజానికి దగ్గరగా ఉన్న చివర ఎక్కువ బరువు మోయగలదన్నమాట. కారు పెడలు దగ్గర ఇలాంటి చిన్న అడ్డ కడ్డీ ఒకటి ఉంటుంది. దాని రెండు చివరలూ రెండు మాస్టర్ సిలిండర్లను నెడతాయి. పెడలు బలం నడుమ ఉన్న బేరింగు మీద పడుతుంది. మరలతో కడ్డీని తిప్పి, ఆ బేరింగును ఏ వైపుకు జరిపితే ఆ వైపు సిలిండరుకు ఎక్కువ బలం అందుతుంది.

కడ్డీ పొడవు 65 మి.మీ. అనుకోండి. బేరింగు మధ్యలో ఉంటే ఇరువైపులా 32.5 మి.మీ. దానిని ముందు సిలిండరు వైపు 2.5 మి.మీ. జరిపితే ఆ వైపు 30, రెండో వైపు 35 మి.మీ. అవుతాయి. బలాలు దూరాలకు విలోమంగా, అంటే 35:30 నిష్పత్తిలో పంచుకుంటాయి. 1500 న్యూటన్లలో ముందుకు సుమారు 808, వెనుకకు సుమారు 692. దీనిని పిస్టన్ల 2:1తో కలిపితే 70:30 నిష్పత్తి, అంటే 7:3 సరిగ్గా వస్తుంది. రెండున్నర మిల్లీమీటర్లతో బండి స్వభావమే మారిపోయింది చూశారా!

వాన రోజు సంగతి

తెలివైన విద్యార్థికి ఇక్కడ ఒక సందేహం రావాలి. వాటాలు ఒకే అంకె దగ్గర బిగిస్తే అన్ని రోడ్లకూ సరిపోతుందా?

సరిపోదు. తడిసిన రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. అప్పుడు గరిష్ఠ ఋణత్వరణం 4 మాత్రమే. మారే భారం 600 న్యూటన్లు. ముందు 3600, వెనుక 2400, అంటే 60:40. మన 70:30 కారు తడి రోడ్డు మీద 3.3 దగ్గరే ముందు చక్రాలు బిగుసుకుంటుంది. కొంత నష్టమే.

అయితే వానకు తగ్గట్టు 60:40 పెట్టుకుంటే? ఎండిన రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఋణత్వరణం 6.7 దాటగానే వెనుక చక్రాలు బిగుసుకుంటాయి. తిరిగిపోయే ముప్పు వచ్చిపడింది. మొదటి దానిలో పోయేది కొంత దూరం. రెండో దానిలో పోయేది బండి అదుపు. అందువల్ల పట్టు ఎక్కువగా ఉండే పొడి రోడ్డుకే లెక్కగట్టి, ముందువైపు ఇంకొంచెం మొగ్గు ఉంచుతారు. వానలో మెల్లగా నడపడం డ్రైవరు బాధ్యత.

బరువులు మారినా ఇదే చిక్కు. వెనుక సరుకు నింపితే వెనుక చక్రాలు ఎక్కువ బ్రేకు భరించగలవు. ఖాళీగా ఉంటే భరించలేవు. అందుకే కొన్ని వ్యాన్లలో, చిన్న ట్రక్కుల్లో వెనుక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. సరుకు బరువుకు స్ప్రింగులు ఎంత కుంగాయో చూసి, అది వెనుక బ్రేకులకు పోయే పీడనాన్ని సర్దుతుంది. నేటి కార్లలో ఈ పనిని ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తున్నాయి. ప్రతి చక్రం వేగాన్నీ కనిపెడుతూ, బిగుసుకోబోతున్న చక్రానికి పీడనం తగ్గించే పద్ధతినే ఏబీఎస్ అంటారు.

లెక్క తరువాత పరీక్ష

లెక్కలో వాడిన అంకెలు నిజమైనవో కాదో కొలిచి చూడాలి. ధాన్యం లారీలు తూచే కాటా మీద ముందు చక్రాలను ఒకసారి, వెనుక చక్రాలను ఒకసారి నిలిపితే భారాల పంపకం తెలుస్తుంది. గరిమనాభి ఎత్తు తెలుసుకోవాలంటే వెనుక చక్రాలను కొంత ఎత్తి, ముందు చక్రాల భారాన్ని మళ్లీ తూచాలి. గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే ముందు భారం అంత ఎక్కువగా పెరుగుతుంది.

ఆ తరువాత ఖాళీ మైదానంలో, హెల్మెట్టు పెట్టుకున్న అనుభవజ్ఞుడు మొదట తక్కువ వేగంతో, క్రమంగా వేగం పెంచుతూ తిన్నగా నడిపి బ్రేకు వేస్తాడు. దూరంగా పక్కన నిలబడ్డవారు ఏ చక్రాలు ముందు బిగుసుకున్నాయో గమనిస్తారు. వెనుకవి ముందైతే బేరింగును ముందు సిలిండరు వైపు ఇంకొంచెం జరుపుతారు. పెడలు మెత్తగా దిగుతుంటే గొట్టాల్లో గాలి బుడగలున్నట్లు. గాలి నొక్కుకుపోతుంది గనుక పీడనం చక్రాలకు అందదు. ముందు గాలి తీసి, తరువాతే వాటాలు సర్దాలి. పోటీల్లో నాలుగు చక్రాలూ బిగుసుకోవాలని పరీక్షిస్తారు. బ్రేకులకు చాలినంత బలం ఉందని, ఏ చక్రమూ సోమరిగా లేదని నిరూపించడానికే ఆ పరీక్ష.

మళ్లీ సైకిలు దగ్గరకు

ఇప్పుడు పల్టీ మాట తేల్చుకుందాం. సైకిలు, మనిషి కలిసిన గరిమనాభి నేలకు సుమారు 1.1 మీటర్ల ఎత్తున, ముందు చక్రం నేలను తాకే చోటుకు 0.66 మీటర్ల వెనుక ఉందనుకోండి. చక్రాల మధ్య దూరం 1.1 మీటర్లు. ముందు బ్రేకుతో ఋణత్వరణం 6కు చేరితే వెనుక చక్రం మీద భారం సున్నా అవుతుంది. అది దాటితే పల్టీయే. పెద్దల మాటలో ఉన్న నిజం ఇది. మన కారులో గరిమనాభి తక్కువ ఎత్తున ఉంది గనుక పల్టీ కొట్టాలంటే 20 కావాలి. ఘర్షణ 8కి మించి ఇవ్వదు. కాబట్టి ఆ భయం లేదు.

మరి వెనుక బ్రేకు ఒక్కటే వాడితే? వెనుక భారం తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి పొడి రోడ్డు మీద కూడా సుమారు 2.7కి మించి రాదు. అంటే ముందు బ్రేకును జాగ్రత్తగా వాడితే వచ్చేదానిలో సగం కూడా లేదు. అందువల్ల రెండు బ్రేకులూ కలిపి పట్టాలి. ముందుది ఒక్కసారిగా కాకుండా క్రమంగా బిగించాలి. మోటారు సైకిలుకూ ఇదే పాఠం. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త మోటారు సైకిళ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకు లోపు వాటికి ఏబీఎస్ గాని, రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు గాని ఉండాలన్నారు.

ఆలోచించండి

1. మన లెక్కలోని కారుకే గరిమనాభి ఎత్తు 0.6 మీటర్లయితే, పొడి రోడ్డు మీద బ్రేకుల వాటాలు ఎంతెంత ఉండాలి?

2. ట్రాక్టరుకు బ్రేకులుండి, దాని వెనుక గడ్డి నింపిన ట్రక్కుకు బ్రేకులు లేకపోతే, కాలువ వంతెన దిగేటప్పుడు ఏమి జరగవచ్చు? బొమ్మ కారు ప్రయోగాన్ని గుర్తు తెచ్చుకుని జవాబు రాయండి.

3. మీ ఊరి రోడ్డు మీద టైర్లు ఈడ్చిన నల్లటి చారలు కనిపిస్తే, రోడ్డు పక్కనే నిలబడి గమనించండి. అవి తిన్నగా ఉన్నాయా, వంకరగా ఉన్నాయా? ఆ బండికి ఏ చక్రాలు ముందుగా బిగుసుకుని ఉంటాయి?

మొదటి ప్రశ్నకు జవాబు: 74:26. మిగిలిన రెండూ మీ తరగతిలో చర్చించి తేల్చుకోండి.